హైదరాబాద్ క్లోరోఫాం నివేదికలు: ఎడ్వర్డ్ లారీ పరిశోధన, దాని ప్రభావం

ఒక శాస్త్రజ్ఞుని రచనలను ఎందరు చదివారు, ఎంతకాలం ఉదహరించారు అన్నది ఒక ప్రశ్న. ఆ రచనలు సత్యానికి ఎంత చేరువగా ఉన్నాయన్నది వేరొక ప్రశ్న. మొదటిదానికి వచ్చే జవాబే రెండవదానికీ సరిపోతుందని మనం సాధారణంగా భావిస్తాం. వైద్యశాస్త్ర చరిత్రలో ఈ భావనకు భంగం కలిగించిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది హైదరాబాద్ నగరంలోనే సంభవించింది. 1888, 1889 సంవత్సరాలలో అక్కడ పనిచేసిన రెండు క్లోరోఫాం కమిషన్ల వెనుక ఉన్న వ్యక్తి సర్జన్ ఎడ్వర్డ్ లారీ. మత్తువైద్యానికి సంబంధించి ఆనాడు ఆయన ప్రకటించిన ఫలితాలు లండన్ పత్రికలలో నెలల తరబడి చర్చకు వచ్చాయి. అంతటి ప్రచారం భారతదేశంలో జరిగిన వైద్య పరిశోధనకు అంతకుముందు అరుదుగానే లభించింది. అయితే ఆ ఫలితాల సారాంశం తప్పని తరువాతి కాలం తేల్చింది. ఈ రెండు విషయాలనూ కలిపి చూసినప్పుడే ఆయన కృషికి సరియైన విలువ కట్టగలం.

మందే ముప్పుగా మారిన వేళ

1846 అక్టోబరు 16వ తేదీన అమెరికాలోని బోస్టన్ నగరంలో విలియం మోర్టన్ ఈథర్ వాయువుతో రోగికి మత్తు కలిగించి, శస్త్రచికిత్సలో బాధ లేకుండా చేయవచ్చునని బహిరంగంగా నిరూపించాడు. మరుసటి సంవత్సరం నవంబరులో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫాంను ప్రవేశపెట్టాడు. క్లోరోఫాం వాసన ఇంపుగా ఉంటుంది. కొద్ది మోతాదుతో త్వరగా మత్తు వస్తుంది. దీపాల వెలుగులో శస్త్రచికిత్స చేయవలసి వచ్చినా, ఈథర్ మాదిరిగా నిప్పంటుకుంటుందన్న భయం లేదు. ఈ కారణాల వల్ల బ్రిటన్‌లోనూ, దాని అధీనంలోని దేశాలలోనూ క్లోరోఫాం త్వరలోనే ఈథర్‌ను వెనక్కు నెట్టింది.

కాని ఆ సంతోషం ఎక్కువ కాలం నిలువలేదు. 1848 జనవరి 28వ తేదీన ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్ సమీపంలో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల బాలిక కాలిగోరు తీయించుకొనేందుకు క్లోరోఫాం పీల్చి, కొద్ది నిమిషాలలోనే ప్రాణం విడిచింది. చేసిన చికిత్స అత్యల్పం, సంభవించిన నష్టం అపారం. ఆ తరువాత కూడా ఇటువంటి మరణాలు వినబడుతూనే వచ్చాయి. ఆరోగ్యవంతులుగా ఉన్నవారు, చిన్న శస్త్రచికిత్సలకు వచ్చినవారు, మత్తు పూర్తిగా ఎక్కకముందే మరణించడం వైద్యులను కలవరపెట్టింది.

మరణానికి మూలం ఎక్కడ ఉన్నదన్న విషయంలో వైద్యలోకం రెండుగా చీలింది. లండన్‌కు చెందిన జాన్ స్నో ఈ మరణాలను ఒక్కొక్కటిగా పరిశీలించి, గాలిలో క్లోరోఫాం పాలు హెచ్చినప్పుడు అది నేరుగా గుండెను స్తంభింపజేస్తుందని భావించాడు. ఆయన గ్రంథం ఆయన మరణించిన 1858వ సంవత్సరంలోనే వెలువడింది. ఎడిన్‌బరోకు చెందిన శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ మార్గం వేరు. రోగి నాడిని పట్టుకొని కూర్చోనవసరం లేదు, శ్వాసను మాత్రం కనిపెట్టుకొని ఉండాలి, శ్వాస సాఫీగా సాగుతున్నంతవరకు ప్రమాదం లేదు అని ఆయన బోధించేవాడు. ఇది పండితుల వాదంగా మాత్రమే మిగిలిపోయే విషయం కాదు. మత్తు ఇచ్చే వైద్యుని దృష్టి ఎక్కడ నిలవాలి, చేయి దేనిపై ఉండాలి, మందు ఎప్పుడు ఆపాలి అన్నవన్నీ దీనిపైననే ఆధారపడి ఉన్నాయి.

ఎడిన్‌బరో బోధన, హైదరాబాద్ వేదిక

1846లో జన్మించిన ఎడ్వర్డ్ లారీ ఎడిన్‌బరోలో సైమ్ వద్ద శిష్యరికం చేశాడు. ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి, లాహోరులో పనిచేసి, 1885లో హైదరాబాద్‌కు రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చాడు. అప్పటి వైద్య పాఠశాల బాధ్యత కూడా ఆయనకే అప్పగించారు. ఈ పాఠశాల నాలుగవ నిజాం నాసిరుద్దౌలా కాలంలో, 1846లో ఏర్పడింది. బోస్టన్‌లో ఈథర్ ప్రదర్శన జరిగినదీ ఆ ఏడాదే. నేటి ఉస్మానియా వైద్య కళాశాలకు మూలం ఆ పాఠశాలయే.

గురువు బోధనపై లారీకి గల విశ్వాసం అచంచలమైనది. తాను, తన శిష్యులు వేలాది శస్త్రచికిత్సలకు క్లోరోఫాం ఇచ్చామని, శ్వాసను కనిపెట్టి ఉండటం వల్లనే ప్రమాదాలను తప్పించగలిగామని ఆయన చెప్పుకొనేవాడు. కాని అనుభవాన్ని చూపితే ప్రత్యర్థులు ఒప్పుకోరని ఆయనకు తెలుసు. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో ఏర్పడిన ఒక సంఘం జంతువులపై ప్రయోగాలు జరిపి, క్లోరోఫాం గుండెను కుంగదీస్తుందని 1880లో నివేదించింది. ప్రయోగానికి ప్రయోగంతోనే జవాబు చెప్పాలని లారీ నిశ్చయించుకున్నాడు. అందుకు కావలసిన వనరులు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం నుంచి లభించాయి.

1888లో ఏర్పడిన మొదటి కమిషన్‌లో హెహిర్, కెల్లీ, షామరెట్ అనే వైద్యులు సభ్యులు. వారు వీధికుక్కలపై ప్రయోగాలు జరిపారు. క్లోరోఫాం మోతాదు మితిమీరినప్పుడు ముందుగా శ్వాస ఆగిపోతున్నదని, ఆ తరువాత కూడా గుండె కొంతసేపు కొట్టుకుంటూనే ఉన్నదని, జాప్యం లేకుండా కృత్రిమ శ్వాస కల్పిస్తే ప్రాణం నిలుస్తున్నదని వారు గమనించారు. 1889 ఆరంభంలో వైద్య పాఠశాల సభలో లారీ ఈ ఫలితాలను ప్రకటించాడు. ఆ ప్రసంగం లండన్‌లోని ప్రసిద్ధ వైద్య పత్రిక ‘ది లాన్సెట్’కు చేరింది. గ్లాస్గో ఫలితాలకు పూర్తిగా విరుద్ధంగా ఉన్న ఈ నిర్ణయాన్ని సులభంగా అంగీకరించలేమని ఆ పత్రిక సంపాదకీయంలో వ్యాఖ్యానించింది.

ఇందుకు హైదరాబాద్ ఇచ్చిన సమాధానం అసాధారణమైనది. లాన్సెట్ పత్రిక తాను నమ్మిన నిపుణుని ఎంపిక చేసి పంపితే, ఆయన సమక్షంలోనే ప్రయోగాలన్నీ తిరిగి చేస్తామని, ఖర్చులకు వేయి పౌండ్లు ఇస్తామని నిజాం ప్రభుత్వం తెలియజేసింది. విమర్శకుణ్ణే పరీక్షకుడుగా పిలిచిన ఈ పద్ధతి నేటి ప్రమాణాలతో చూసినా మెచ్చదగినది.

రెండవ కమిషన్

లాన్సెట్ ఎంపిక చేసిన నిపుణుడు టామస్ లాడర్ బ్రంటన్. లండన్‌లోని సెయింట్ బార్తొలొమ్యూ ఆసుపత్రికి చెందిన ఈయన ఔషధశాస్త్రంలో దిట్ట. గుండెనొప్పికి అమైల్ నైట్రైట్ ఉపశమనం ఇస్తుందని 1867లో కనుగొన్నవాడు. క్లోరోఫాం వల్ల గుండెకు ముప్పు ఉన్నదన్న అభిప్రాయంతోనే ఆయన ఓడ ఎక్కాడు. 1889 అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ప్రయోగాలు జరిగాయి. లారీ అధ్యక్షుడు కాగా బ్రంటన్, బామ్‌ఫర్డ్, రుస్తుంజీ సభ్యులు. మొదటి కమిషన్‌లోని వైద్యులు, పాఠశాల విద్యార్థులు సహాయకులుగా ఉన్నారు.

ఆ సహాయకులలో రూపాబాయి ఫర్దూన్‌జీ పేరును ప్రత్యేకంగా పేర్కొనాలి. మహిళలకు వైద్యవిద్య అందడమే దుర్లభమైన ఆ రోజులలో ఆమె హైదరాబాద్ వైద్య పాఠశాలలో చదివారు. క్లోరోఫాం ఇవ్వడంలో నైపుణ్యం సంపాదించి, కమిషన్ పనిలో పాల్గొన్నారు. ప్రపంచంలో తొలినాటి మహిళా మత్తువైద్యులలో ఆమె ఒకరని చరిత్రకారులు గుర్తిస్తున్నారు. 1909లో ఆమె ఎడిన్‌బరో వెళ్లారు. నివేదికలు లారీ, బ్రంటన్‌ల పేర్లనే లోకానికి చాటాయి. వాటి వెనుక ఉన్న స్థానిక వైద్యుల, విద్యార్థుల శ్రమ వెలుగులోకి రావడానికి చాలా కాలం పట్టింది.

ఈసారి కుక్కలతో పాటు గుర్రాలను, కోతులను, మేకలను, పిల్లులను, కుందేళ్లను కూడా ప్రయోగాలకు వినియోగించారు. రక్తపు ఒత్తిడిని మేనోమీటరుతో కొలిచి, తిరిగే కాగితపు చుట్టపై రేఖలుగా నమోదు చేశారు. ఆ రేఖాపటాలన్నింటికీ ఛాయాచిత్రాలు తీశారు. అప్పటివరకు 490 జంతువులపై పరిశీలనలు జరిగాయని, వాటిలో 120 మేనోమీటరు సహాయంతో చేసినవని, క్లోరోఫాం వల్ల ప్రమాదం ఊపిరాడకపోవడం వల్ల గాని, మోతాదు మించడం వల్ల గాని వస్తుందే తప్ప నేరుగా గుండె వల్ల కాదని బ్రంటన్ లండన్‌కు తంతి పంపాడు. ప్రతిపక్షం పంపిన నిపుణుడే అభిప్రాయం మార్చుకొన్నాడన్న వార్త వైద్యలోకాన్ని ఆశ్చర్యపరచింది.

ప్రచురణలు, ప్రభావం

1890లో లాన్సెట్ ఈ నివేదికను విడతలుగా ప్రచురించింది. 1891లో బొంబాయిలో అది రేఖాపటాలతో సహా గ్రంథరూపంలో వెలువడింది. ఆ తరువాత లారీ వ్యాసాలు, లేఖలు, ప్రసంగాలు పత్రికలలో వస్తూనే ఉన్నాయి. హైదరాబాద్ నుంచి పదవీ విరమణ చేసిన 1901లోనే విద్యార్థులకు, వైద్యులకు ఉపయోగపడేలా క్లోరోఫాంపై ఆయన వ్రాసిన కరదీపిక లండన్‌లో అచ్చయింది. ఈ రచనలన్నింటిలోనూ వస్తువు ఒకటే, వాదం ఒకటే, నిర్ణయమూ ఒకటే.

ఈ రచనలకు అంతటి పలుకుబడి రావడానికి కారణాలు స్పష్టమే. ప్రయోగాల సంఖ్య పెద్దది. యంత్రం గీసిన రేఖలు సాక్ష్యంగా ఉన్నాయి. ఒక సంస్థానాధీశుని ఔదార్యం, ఒక అగ్రశ్రేణి పత్రిక ప్రతిష్ఠ, ఒక మహానిపుణుని సంతకం దానికి తోడయ్యాయి. అన్నిటికంటె మించి, క్లోరోఫాంను వదులుకోవడం ఇష్టంలేని వేలాది వైద్యులకు ఆ నివేదిక ధైర్యాన్నిచ్చింది. శ్వాసను చూస్తే చాలు, గుండె తన పని తాను చూసుకుంటుందన్న సూత్రం భారతదేశంలోని ఆసుపత్రులలో బలంగా పాదుకొంది. ఎడిన్‌బరో సంప్రదాయంలో శిక్షణ పొందినవారికి అది అదనపు ప్రమాణంగా నిలిచింది.

ఎదురైన సవాళ్లు

అయినప్పటికీ ఆసుపత్రులలో మరణాలు ఆగలేదు. శ్వాస సాగుతుండగానే నాడి అకస్మాత్తుగా అందకుండా పోయిన రోగులను చూసిన వైద్యులు నివేదికతో సమాధానపడలేకపోయారు. 1890లోనే అబర్డీన్‌కు చెందిన మాక్‌విలియం, క్లోరోఫాం ప్రభావంతో పిల్లుల గుండె ఉబ్బి బలహీనపడుతున్నదని తన ప్రయోగాలలో చూపించాడు. 1893లో కేంబ్రిడ్జికి చెందిన గాస్కెల్, షోర్ మరింత సూక్ష్మమైన పద్ధతిని ఎంచుకున్నారు. ఒక జంతువు మెదడుకు వేరొక జంతువు రక్తం ప్రసరించేలా అమర్చి, క్లోరోఫాం మెదడుకు మాత్రమే చేరినప్పుడు ఏమవుతుందో, గుండెకు చేరినప్పుడు ఏమవుతుందో విడదీసి పరిశీలించారు. రక్తపు ఒత్తిడి పడిపోవడానికి ప్రధాన కారణం గుండెపై క్లోరోఫాం చూపే ప్రత్యక్ష ప్రభావమేనని వారు తేల్చారు. రెండవ కమిషన్ నివేదికను విమర్శించడం వారి వ్యాసంలో ఒక ముఖ్య భాగం.

ఇక్కడ ఒక విషయం గమనార్హం. విమర్శకులు నివేదికను పరీక్షకు పెట్టగలిగారంటే, అందుకు ఆ నివేదిక తన ఆధారాలను దాచిపెట్టకపోవడమే కారణం. రక్తపు ఒత్తిడి క్రమంగా తగ్గడం అపాయకరం కాదని, గుండె నెమ్మదించడం శరీరం తనను తాను కాపాడుకొనే ఉపాయమని కమిషన్ వ్యాఖ్యానించింది. వ్యాఖ్యానం పక్కనే రేఖలు కూడా ఉన్నాయి కనుక, అవే రేఖలను చూసి వేరొక అర్థం చెప్పడం ఇతరులకు సాధ్యమైంది. 1902లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్‌కు చెందిన ఎంబ్లీ, కమిషన్ రక్షణోపాయంగా భావించిన ఆ గుండె నెమ్మదింపే ఒక్కొక్కప్పుడు పూర్తిగా ఆగిపోవడానికి దారితీస్తుందని వాదించాడు.

బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ 1901లో ప్రత్యేక సంఘాన్ని నియమించింది. ఆ సంఘంలో పాల్గొన్న వెర్నన్ హార్‌కోర్ట్, పీల్చే గాలిలో క్లోరోఫాం రెండు శాతానికి మించకుండా నియంత్రించే పరికరాన్ని రూపొందించాడు. మోతాదును అంచనాకు విడువకుండా కొలిచి ఇవ్వాలన్న జాన్ స్నో మాట అర్ధ శతాబ్దం తరువాత ఈ విధంగా తిరిగి వినబడింది.

అడగని ప్రశ్న

అసలు చిక్కుముడి 1911లో వీడింది. లండన్‌కు చెందిన గుడ్‌మన్ లెవీ పిల్లులపై ప్రయోగాలు చేస్తూ, గాఢమైన మత్తులో కాక తేలికపాటి మత్తులో ఉన్నప్పుడే గుండెకు అసలైన ప్రమాదం ఉన్నదని కనుగొన్నాడు. మత్తు పలుచగా ఉన్న స్థితిలో భయం వల్లనో, బాధ వల్లనో, బయటి నుంచి ఎక్కించడం వల్లనో శరీరంలో అడ్రినలిన్ పెరిగితే, గుండె జఠరికలు ఒక్కసారిగా లయ తప్పి వణకడం మొదలుపెడతాయి. వైద్యులు దీనిని వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అంటారు. అలా వణికే గుండె రక్తాన్ని ముందుకు పంపలేదు. టామస్ లూయిస్‌తో కలిసి లెవీ ఈ లయభంగాన్ని మరింత విపులంగా పరిశీలించాడు. 1922లో తన పరిశోధనల సారాన్ని గ్రంథంగా ప్రకటించాడు.

ఈ వెలుగులో చూస్తే హైదరాబాద్ ప్రయోగాల లోపం ఎక్కడ ఉన్నదో తేటతెల్లమవుతుంది. అక్కడి ప్రయోగాలలో ముఖ్యమైనవి జంతువులకు క్లోరోఫాంను ఎడతెగకుండా ఇస్తూ పోయి, మోతాదు మించినప్పుడు ఏది ముందు ఆగుతుందో చూసినవి. అటువంటి స్థితిలో శ్వాస ముందుగా ఆగడం సహజమే. కమిషన్ చూసింది అబద్ధం కాదు. కాని ఆసుపత్రులలో మరణిస్తున్నవారిలో అనేకులు మోతాదు మించినవారు కారు. మత్తు ఇంకా పూర్తిగా ఎక్కని తొలి నిమిషాలలో, భయంతో పెనుగులాడుతూ మరణించినవారు. పదిహేనేళ్ల హానా గ్రీనర్ మరణం ఏ విధంగా జరిగిందో నేటికీ ఏకాభిప్రాయం లేదు గాని, అటువంటి ఆకస్మిక మరణాలలో చాలావాటికి లెవీ సిద్ధాంతం సమాధానం చెప్పింది. వందలాది జంతువులు బలియైన తరువాత కూడా హైదరాబాద్‌లో ఆ సమాధానం దొరకకపోవడానికి ప్రయోగాల సంఖ్య చాలకపోవడం కారణం కాదు. అడగవలసిన ప్రశ్న అడగకపోవడమే కారణం. గురువు బోధనను నిరూపించాలన్న సంకల్పంతో మొదలైన పరిశోధన, ఆ బోధన గీసిన గిరి దాటి చూడలేకపోయింది.

దీని మూల్యం రోగులు చెల్లించారు. శ్వాసపైననే దృష్టి నిలపాలని, నాడిని పట్టించుకోవద్దని నేర్చుకొన్న వైద్యునికి, గుండె తడబడుతున్న తొలి సూచన అందే అవకాశం తక్కువ. ఒక పరిశోధకుని ప్రభావం దేశదేశాలకు విస్తరించినప్పుడు, ఆయన పొరపాటు కూడా అంతదూరమూ విస్తరిస్తుంది.

మిగిలిన విలువ

ఇంతమాత్రాన లారీ కృషిని పూర్తిగా తోసిపుచ్చడం న్యాయం కాదు. రోగిని వెల్లకిల పడుకోబెట్టాలి, మెడ చుట్టూ, ఛాతీపైన బిగుతు బట్టలు ఉండరాదు, శ్వాసకు ఏ విధమైన ఆటంకమూ కలగరాదు, శ్వాస తీరు మారితే మందు వెంటనే తొలగించాలి అన్న ఆయన నియమాలు నేటి మత్తువైద్యునికి కూడా ఆమోదయోగ్యమైనవే. శ్వాసమార్గాన్ని కాపాడటం ఇప్పటికీ ఈ శాస్త్రంలో మొదటి పాఠం. ఆయన పొరపాటు శ్వాసను గమనించమనడంలో లేదు. గుండెను గమనించనక్కరలేదనడంలో ఉన్నది. ఆధునిక శస్త్రచికిత్సా గదిలో శ్వాస, నాడి, రక్తపు ఒత్తిడి, గుండె లయ అన్నిటినీ పరికరాలు ఏకకాలంలో చూపుతూ ఉంటాయి. స్నో, సైమ్ శిష్యపరంపరలు దశాబ్దాలపాటు సాగించిన వివాదానికి ఆ పరికరాల వరుసయే పరిష్కారం.

లెవీ నేర్పిన పాఠం కూడా క్లోరోఫాంతో అంతరించలేదు. 1956లో హాలోథేన్ వాడుకలోకి వచ్చినప్పుడు, అది ఉన్నంతసేపు అడ్రినలిన్ విషయంలో జాగ్రత్త వహించాలని వైద్యులను హెచ్చరించారు. భారతీయ ఆసుపత్రులలో దశాబ్దాలపాటు హాలోథేన్ వాడిన మత్తువైద్యులందరూ ఈ హెచ్చరికను ఎరిగినవారే. క్లోరోఫాం మాత్రం ఇరవయ్యవ శతాబ్దం మధ్యభాగానికి శస్త్రచికిత్సా గదుల నుంచి దాదాపు తొలగిపోయింది. లారీ అంతకు చాలా ముందే, 1915లో, కన్నుమూశాడు.

ఆ రోజుల గుర్తులు హైదరాబాద్‌లో కొన్ని రూపాంతరం చెందాయి, కొన్ని చెదిరిపోయాయి. లారీ సర్జన్‌గా పనిచేసిన రెసిడెన్సీకి చెందిన కోఠి భవనం స్వాతంత్ర్యానంతరం మహిళా విద్యాలయానికి నెలవైంది. 1908 మూసీ వరదలలో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ధ్వంసమైంది. తరువాత ఆ ప్రాంతంలో ఉస్మానియా జనరల్ ఆసుపత్రి వెలసింది. క్లోరోఫాం కమిషన్ల కథను నగరవాసులు గర్వంగా చెప్పుకొంటారు. ఆ గర్వానికి ఆధారం ఉన్నది. ఒక సంస్థానం తన ధనంతో, తన వైద్యులతో, తన విద్యార్థులతో ప్రపంచ వైద్యలోకాన్ని ఒక ప్రాణాంతక సమస్యపై చర్చకు కూర్చోబెట్టింది. ప్రత్యర్థిని ఆహ్వానించి ప్రయోగం చూపింది. ప్రతి రేఖనూ అచ్చులో ఉంచింది.

ఈనాడు పరిశోధకుల స్థాయిని వ్యాసాల సంఖ్యతో, ఉల్లేఖనల లెక్కతో, పత్రికల శ్రేణితో నిర్ణయించే అలవాటు బలపడింది. ఆ కొలబద్దలను 1890వ సంవత్సరానికి అన్వయిస్తే ఎడ్వర్డ్ లారీకి ఎదురులేదు. అవే కొలబద్దలు ఆ నివేదికలోని లోపాన్ని మాత్రం పట్టుకోలేవు. దానిని పట్టుకొన్నది మాక్‌విలియం, గాస్కెల్, షోర్, ఎంబ్లీ, లెవీ వంటివారి ఓపిక. తాను చెప్పినది ఎప్పటికీ నిలుస్తుందన్న హామీ ఏ శాస్త్రజ్ఞుడూ ఇవ్వలేడు. తాను చూసినదంతా తరువాతివారి ముందు ఉంచగలడు. హైదరాబాద్ నివేదికలు ఆ పని చేశాయి కనుకనే, వాటి నిర్ణయం వీగిపోయిన తరువాత కూడా వైద్యచరిత్ర వాటిని విస్మరించలేదు.